కాలిన యడవికిఁ గర్త యెవఁడు?

భరతముని నాట్యశాస్త్రమున రసములకు వర్ణములను నిర్ణయించుచుఁ గరుణమునకుఁ గపోతవర్ణమును, భయానకమునకుఁ గృష్ణవర్ణమును, బీభత్సమునకు నీలవర్ణమును జెప్పెను. ఈ మూఁడును వెలుఁగు తగ్గిన వన్నెలే. మానవుఁడు ప్రకృతియెడ మెలఁగిన తీరును జెప్పవలసినపుడు మన కవులు తఱచుగా నీ మూఁటినే కలిపి చిత్రించిరి. పొగ, బొగ్గు, బూడిద, తెగిన మెడ, ఱెక్క కాలిన పక్షి - ఇట్టివానిని నేనీ వ్యాసమునఁ దమోవర్ణనములని పేర్కొందును. వానియందు గుణమెద్ది, దోషమెద్ది యను విచారమే యిందలి విషయము.

ఈ విషయమున విద్వాంసులలో రెండు పక్షములు కలవు. చెట్టుచేమలు, ఏఱులు, మృగపక్షులు కావ్యమున నుద్దీపనవిభావములుగా నుండఁదగినవే కాని, వానినే యాలంబనముగాఁ జేసికొని శోకము పుట్టించుట యనుచితమని మొదటి పక్షమువారందురు. వెన్నెలయు మలయానిలమును నాయికానాయకులకు దోహదము చేయుటకే యున్నవని వారి యాశయము. అడవులు తఱిగి, నీళ్లు చెడిపోవుచున్న కాలమిది కాఁబట్టి యెంత నల్లని వర్ణనము చేసిన నంత మంచి కవిత్వమని రెండవ పక్షమువారి తలఁపు.

నాకు రెండును సమ్మతములు కావు. మొదటిది మన కావ్యచరిత్రకే విరుద్ధము. బోయతూపునఁ గూలిన క్రౌంచమును జూచిన శోకమునుండి యాదికావ్యము పుట్టెనని చెప్పుకొను మనకుఁ బక్షి యాలంబనము కాఁగూడదనుట చెల్లదు. రెండవది సహృదయానుభవమునకు విరుద్ధము. నలుపు పూసిన గోడ చిత్రము కాదు. తమోవర్ణనమునకు బలము వాక్యమునఁ గర్త యెచట నున్నాఁడను దానినిబట్టి వచ్చును. ఇదియే నా ప్రతిజ్ఞ.

వైయాకరణుఁడు మల్లెపూవునందును గారకమునే వెదకునని పరిహసింతురు. పరిహసింపవచ్చును, కాని యిచటఁ గారకవిచారము నిజముగా నుపకరించును. పాణినిమతమునఁ గ్రియయందు స్వతంత్రముగా వివక్షింపఁబడినది కర్త. వివక్షయనఁగాఁ జెప్పఁదలఁచువాని యిచ్ఛ. కర్త తన వ్యాపారముచే దేనిని మిక్కిలి పొందఁగోరునో యది కర్మము. ఆచార్యుఁడంతటితో విడువలేదు. కోరనిదైనను గోరినదానివలెనే క్రియతోఁ గూడెనేని యదియుఁ గర్మమే యని వేఱొక సూత్రము చేసెను. సిద్ధాంతకౌముదియందు భట్టోజిదీక్షితుఁడు దీనికిఁ జూపిన యుదాహరణము విద్యార్థులందఱకును దెలిసినదే: ఊరికిఁ బోవువాఁడు త్రోవలోని గడ్డిని దాఁకును. వానికిఁ గావలసినది యూరు. గడ్డితో వానికిఁ బనిలేదు, పగయు లేదు. అయినను వాని కాలిక్రిందఁ బడినది గడ్డియే. మానవుఁడు ప్రకృతికిఁ జేసిన కీడులో ముప్పాతికమువ్వీస మీ సూత్రముక్రిందికే వచ్చును.

ఇఁకఁ గర్మకర్తృప్రయోగ మొకటి కలదు. దేవదత్తుఁడు కట్టెను జీల్చుచున్నాఁడనుటకు మాఱుగాఁ గట్టె తానే చీలుచున్నదందుము. పని సులువుగా జరుగుచున్నదని తెలుపుటకుఁ గర్తను విడిచి కర్మమునే కర్తగా వివక్షింతుము. వ్యాకరణమున నిది సాధుప్రయోగమే. గొడ్డలి పట్టిన దేవదత్తుఁ డెచటికిఁ బోయెనని వ్యాకరణ మడుగదు. కావ్యవిమర్శ యడుగవలెను.

ఈ కొలఁబద్దతో మొదట శాకుంతలమును జూతము. ప్రథమాంకమున దుష్యంతుఁడు రథమెక్కి మృగమును దఱుముచుఁ బ్రవేశించును. ఆ మృగము పరుగును వర్ణించు శ్లోకము మిక్కిలి ప్రసిద్ధమైనది. మరల మరల వెనుదిరుగు మెడయు, నోటినుండి రాలు సగము నమలిన గడ్డియు నందలి ప్రధానచిత్రములు. రససూత్రమును వ్యాఖ్యానించుచు నభినవగుప్తుఁడు భయానకమునకు నీ శ్లోకమునే యుదాహరణముగాఁ జేకొనెను. ఇందలి భయము నాది యనిగాని, శత్రువుది యనిగాని, మిత్రునిది యనిగాని తోఁపక, దేశకాలముల కట్టు వీడి సాధారణమై హృదయమున నేరుగాఁ బ్రవేశించునని యాయన సిద్ధాంతము.

దీనికి నేనొక్కమాట చేర్చెదను. ఆ శ్లోకమును జెప్పువాఁడు ఋషి కాఁడు, సూతుఁడు కాఁడు. విల్లు పట్టి తఱుముచున్న రాజే. చంపఁబోవువాని కన్ను చావఁబోవుదాని నోటిలోని గడ్డిపోచను జూచినది. చూచియు నాతఁడు రథము నాపఁడు. ఆ పరుగు నందమును మెచ్చుకొనుచునే యుండును. వైఖానసుఁ డడ్డుపడి, యిది యాశ్రమమృగము, చంపఁదగదని పలుకువఱకు రాజు తాను జూచినదేమో తెలిసికొనఁడు. ఇందు నెత్తురుచుక్క లేదు, చావు లేదు. అయినను భయానకము నిండుగా నున్నది. కర్త వెనుక నున్నాఁడు. కర్మము మెడ త్రిప్పి యాతనినే చూచుచున్నది. ఆ రెండు చూపులకు నడుమఁ జదువరి చిక్కుకొనినాఁడు. ఆ మృగమే తీఁగలనడుమఁ బరుగిడినట్లు కవి స్వయముగా వర్ణించియుండినచో మన కందము దక్కెడిది. వెఱపు దక్కెడిది కాదు. చతుర్థాంకమున నీ తపోవనమందలి వృక్షములే పట్టుబట్టలును, భూషణములును శకుంతలకు నిచ్చును. అచట వనము కర్త, మనుష్యకన్య సంప్రదానము. ప్రథమాంకమందలి బాణము నెఱిఁగినవానికే యీ దానము విలువ తెలియును.

శాకుంతలమున మృగమునకుఁ జావు తప్పినది. భారతమందలి ఖాండవమున నట్లు తప్పలేదు. వ్యాసుఁ డాదిపర్వాంతమునఁ జెప్పిన యీ కథను నన్నయభట్టారకుఁ డాదిపర్వమున నష్టమాశ్వాసమునఁ దెనిఁగించెను. శ్వేతకిరాజు యజ్ఞములయం దెడతెగక నేయి త్రావిన యగ్నికి జీర్ణశక్తి చెడెను. ఖాండవవనమును సర్వప్రాణులతోఁ గూడ భక్షించుటయే చికిత్స యని బ్రహ్మ తెలిపెను. అగ్ని యంటుకొనినపుడెల్ల నేనుఁగులును, బాములును నీళ్లు తెచ్చి చల్లార్చెను. తన చెలికాఁడగు తక్షకుఁ డందుండుటచే నింద్రుఁడును వాన గురిపించెను. తుద కగ్ని బ్రాహ్మణవేషము దాల్చి, యమునాతీరమున విహరించుచున్న కృష్ణార్జునులను జేరి తన యాఁకలి తీర్పుఁడని వేఁడెను; గాండీవమును, నక్షయతూణీరములును, రథమును, జక్రమును వారికి లభింపఁజేసెను. వా రిరువురును వనమున కిరువంకల నిలిచి, మంటనుండి వెలువడిన ప్రాణులను జంపి మరల మంటలోఁ గూల్చిరి.

ఇచటఁ గర్త యెవఁడు? కాల్చిన వాఁడగ్ని, కాని తాను రోగి ననును. బ్రహ్మ యుపాయము చెప్పెనే కాని నిప్పు ముట్టింపలేదు. వీరులు బ్రాహ్మణయాచనను దీర్చిరి. ఆయుధములు వరుణునివి. ప్రేరేపించిన ప్రయోజకుని గూడఁ బాణిని కర్త యనియే పేర్కొనెను. ఆ లెక్కను జూచినచోఁ గర్తలు పలువురు. కర్తృత్వ మిందఱకుఁ బంచఁబడి యెవ్వరి చేతను నిలువకున్నది. లోకమున నడవులు పోవునదియు నీ తీరుననే. అడిగినవాఁ డొకఁడు, ఆజ్ఞ యిచ్చినవాఁ డొకఁడు, పనిముట్టు తెచ్చినవాఁ డొకఁడు, కొట్టినవాఁ డొకఁడు. ప్రతివాఁడును రెండవవానిని జూపును.

వ్యాసుఁ డీ దాహమును వర్ణించిన తీరును బరిశీలింపుఁడు. కొలఁకులు కాఁగి జలచరములు చచ్చినవి. ఎగిరిన పక్షులు శరములు తగిలి నిప్పునఁ బడినవి. కొన్ని ప్రాణులు తమ పిల్లలను, దలిదండ్రులను, దోఁబుట్టువులను గౌఁగిలించుకొని, విడిచిపోఁజాలక యచటనే కాలినవి. ఘట్టము వీరరసప్రధానము. వీరమున శత్రువుల శౌర్యమును వర్ణింపవచ్చును. దానివలన నాయకుని గెలుపునకు వన్నె వచ్చును. శత్రువుల కౌఁగిలింతలను వర్ణించినచో నా వన్నె మాసిపోవును. వ్యాసుఁ డీ మాత్ర మెఱుఁగఁడా? ఎఱిఁగియే వీరమునకు లోపలినుండి కన్నము వేసెను.

తరువాతి కథయందుఁ జూపు మాఱును. ఇంతవఱకు రథముమీఁదనుండి చూచిన మంట నిపుడు గూటిలోనుండి చూతుము. మందపాలమహర్షి శార్‌ఙ్గకపక్షియై జరిత యను నాఁడుపక్షియందు జరితారి, సారిసృక్వుఁడు, స్తంబమిత్రుఁడు, ద్రోణుఁడు నను నలుగురు కొడుకులను గని, వారిని విడిచి లపితతోఁ బోయెను. మంట దగ్గఱుచున్నది. పిల్లలకు ఱెక్కలు రాలేదు. ఎలుకబిలమున దూరుఁడు, పైని మన్ను గప్పెదనని తల్లి చెప్పును. ఎలుక నోటఁ బడుటకంటె నగ్నిలోఁ గాలుట మేలని పిల్లలు నిశ్చయించుకొని, నీవైన బ్రదుకుము, నీకు మరలఁ బుత్రులు కలుగుదురని తల్లినే యోదార్చి పంపును. చావులలో మంచి చావేదియని పసిపిల్లలు తర్కించు నీ సంభాషణముకంటె నల్లని ఘట్టము భారతమునఁ దఱచుగాఁ గానరాదు. అయినను నిందు బీభత్సపదజాల మించుకయు లేదు. పిల్లలు మాటాడుచున్నారు, అంతే. కర్మముగా నుండినవారు కర్తలైరి. వారి స్తుతి విని యగ్ని వారిని విడిచెను.

ఈ కథ నడిగినవాఁ డెవఁడో కూడఁ దలఁపవలెను. అర్జునుని మునిమనుమఁడగు జనమేజయుఁడు. సర్పయాగమునఁ బాములను మంటఁ గూల్చినవాఁడు. ఆ పక్షిపిల్లలను మాత్ర మగ్ని యేల కాల్చలేదని యాతఁ డడిగెను. కాలినవాని నేల కాల్చెనని యడుగలేదు. తాత చేసిన దాహమును మనుమఁడు తన దాహము చేసిన చేతులతోనే వినుచున్నాఁడు. రెండు దాహములకును గుఱియైన తక్షకుఁడు రెండింటను దప్పించుకొనెను. ఖాండవము కాలునపుడు కురుక్షేత్రమున నుండెను, యాగమున నాస్తీకుఁ డడ్డుపడెను. కాలినవారు తక్కినవారు. ఊరికిఁ బోవువాని కాలిక్రింది గడ్డి యిదియే.

కథ బూడిదతో ముగియలేదు. మంటనుండి బ్రదికిన మయుఁడు కట్టిన సభయే దుర్యోధనుని యీర్ష్యకును, ద్యూతమునకును మూలమయ్యెను. తన తల్లి యర్జునుని బాణమునఁ దల తెగి చావఁగా బ్రదికి బయటఁబడిన యశ్వసేనుఁడు కర్ణపర్వమునఁ గర్ణుని శరమునఁ జేరి యర్జునునిమీఁదికి వచ్చెను. కర్తలు మఱచిన క్రియను గావ్యము మఱవలేదు. ఇరావతీ కర్వే 1967లో మరాఠీభాషలోఁ బ్రకటించిన యుగాంతమునందు ఖాండవదాహమును భూమికొఱకుఁ జేసిన నిర్దయమైన సంహారముగా వ్యాఖ్యానించెను. ఇది నేఁటి తలఁపును బ్రాఁతగ్రంథమునకు నంటఁగట్టుట యని కొందఱందురు. నే నట్లనుకొనను. వీరుల గెలుపే చెప్పవలసియుండినచో గూటిని, గౌఁగిలిని, నశ్వసేనుని జెప్పఁబనిలేదు. గ్రంథమే యా సందేహమునకుఁ దావిచ్చినది.

ప్రాచీనకావ్యములనుండి యాధునికఖండకావ్యమునకు వత్తము. జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912-1992) కరుణశ్రీ యను పేర రచించిన పుష్పవిలాపము తెలుఁగునాట నెఱుఁగనివారు లేరు; ఘంటసాల గొంతునఁ జదువు రానివారికిని జేరినది. పూజకుఁ బూవులు కోయఁబోయినవానితో నా పూవులు తమ యేడ్పును జెప్పుకొనుట యిందలి వస్తువు. పూజయందుఁ బూవు సాధారణముగాఁ గరణము, పూజకుఁడు కర్త, దేవుఁడు కర్మము. పూలతోఁ బూజించెనందుము. ఆ తృతీయావిభక్తిలో నడఁగియున్న పూవును గవి పైకిఁ దీసి ప్రథమావిభక్తియందు నిలిపెను. విభక్తి మాఱుటతోడనే వస్తువులన్నియు మాఱినవి. దారము ఉరిత్రాడువలెను, సూది శూలమువలెను దోఁచెను. ఇవి యింటింట నుండు పనిముట్లు. ఖాండవమందువలె దివ్యాయుధములు కావు.

ఇది యతిశయోక్తి యని, పూవు కోయుటను హత్య యనుట యనౌచిత్యమని యాక్షేపించువారు కలరు. అనౌచిత్యమే రసభంగకారణమని యానందవర్ధనుఁడు చెప్పిన మాటను వారు తోడు తెచ్చుకొందురు. ఆక్షేపము త్రోసివేయఁదగినది కాదు. నాలుగు రేకులున్న మొగ్గ కంత నెత్తురు మోయు బలము లేదనిపించు తావు లా పద్యములం దున్నవి. స్త్రీల యలంకారమును నిందించుపట్లఁ గరుణము వెనుకఁబడి యధిక్షేపము ముందునకు వచ్చును. ఆ తావులందుఁ దమోవర్ణనము పలుచఁబడెనని నా యభిప్రాయము.

అయినను బద్యములు నిలిచినవి. కారణము వెదకితిమేని శాకుంతలమున దొరకిన కారణమే యిచటను దొరకును. కథ చెప్పుచున్నవాఁడు కోయ వచ్చినవాఁడే. దుర్మార్గుఁడు కాఁడు; భక్తుఁడు. ఉదయమున స్నానము చేసి సజ్జ పట్టుకొని తోఁటకుఁ బోవు మనవంటి గృహస్థుఁడు. కొమ్మ వంచినవాఁడే యా కొమ్మ యేడ్పును మనకు వినిపించును. వేఱొకఁ డెవఁడో కోయఁగాఁ గవి ప్రక్కన నిలిచి జాలిపడియుండినచో నీ పద్యము లొక నీతిబోధగా ముగిసెడివి.

ఇఁక మన కాలపు పద్యములను, గవితలను జూతము. అడవి మాయమయ్యెను, ఏఱెండిపోయెను, పిట్టలు వలసపోయెను, చెఱువు చచ్చిపోయెను - ఇట్టి వాక్యము లనేకములు. అన్నియుఁ గర్మకర్తృప్రయోగములే. కొల్లేటినే యుదాహరణముగాఁ గొందము. కొల్లేరు కుంచించుకొనిపోయెనని వ్రాయుదుము. సరస్సు తనంత తాను గుంచించుకొనునా? గట్లు పోసి చేఁపలచెఱువులు త్రవ్విరి. 1999లో సరస్సు నభయారణ్యముగాఁ బ్రకటించిరి. 2002లో నది రామ్సార్ చిత్తడినేలల పట్టికకెక్కెను. 2006లోఁ బ్రభుత్వము పెక్కు చెఱువుల గట్లను దెగఁగొట్టించెను. త్రవ్వినవారికిఁ గావలసినది చేఁప. చేఁప వెనుకఁ గాసు. గూడబాతులమీఁద వారికిఁ బగ లేదు. గూడబాతు లనీప్సితకర్మములు. గట్లు తెగినపుడు వానినే నమ్ముకొని బ్రదుకు పేదల బాధయు నట్టిదే. నీరు నల్లఁబడెను, పక్షి రాదయ్యె నని మాత్రము వ్రాసిన కవి చీఁకటినిఁ జూపును. దీప మార్పిన చేతిని జూపఁడు. చదువరి కన్నీరు తుడుచుకొని భోజనమునకుఁ బోవును. ఆ విస్తరిలోఁ జేఁప యుండవచ్చును.

దీనికి విరుద్ధమైన దోష మింకొకటి. కర్తను జెప్పుదురు, కాని యా కర్త యెల్లపుడును బరుఁడే. లోభులు నఱికిరి, క్రూరులు చంపిరి, యంత్రము మ్రింగెను. ఇట్టి పద్యమునఁ గర్త యున్నాఁడు కాని కవి లేఁడు, చదువరి లేఁడు. మృగము మెడ త్రిప్పి చూచుచున్నది. మనము రథముమీఁద లేము. కొండమీఁదఁ గూరుచుండి చూచుచున్నాము. మొదటి దోషమును గర్తృలోపమనియు, రెండవదానిని బరకర్తృత్వమనియు నందును. నలుపు తక్కువైనందున గాని, యెక్కువైనందున గాని చెడిన పద్యములకంటె నీ రెండు దోషములచేఁ జెడినవే హెచ్చు.

అట్లని ప్రతి కవియుఁ బశ్చాత్తాపము ప్రకటింపవలెనని నా మతము కాదు. దుష్యంతుని శ్లోకమునఁ బశ్చాత్తాపము లేదు. జరితపిల్లలు నిందింపలేదు, స్తుతించినవి. కర్తను నిందించుట కవిపని కాదు, కనఁబఱచుట కవిపని. విల్లు పట్టిన చేతికిని, నోటినుండి రాలిన గడ్డిపోచకును నడుమనున్న దూరమును సరిగాఁ గొలిచినచోఁ దక్కినది సహృదయుని హృదయమే చేసికొనును.

తుద కొక వ్యాకరణవిషయము చెప్పి ముగించెదను. ప్రథమ, మధ్యమ, యుత్తమపురుషలు మూఁడును నొక్క క్రియకుఁ గర్తలైనపుడు సంస్కృతమునను, దెనుఁగునను క్రియ యుత్తమపురుష ననుసరించును. వాఁడును, నీవును, నేనును బోయినచోఁ బోయితిమందుము, పోయిరనము, పోయితిరనము. అడవిని నఱికినవాఁడు వాఁడు. ఆ కలపను గొనినవాఁడవు నీవు. ఆ తలుపు మూసికొని లోపలఁ గూరుచుండి యీ వ్యాసము వ్రాసినవాఁడను నేను. క్రియ యొక్కటే. దానికి లక్షణానుసారమైన రూపము నఱికితిమి.